పుట్టలోంచి వచ్చినవి

మా మనవడి లెక్కకు ఒకే నియమం. ఇద్దరమూ చూస్తేనే పుట్టగొడుగు చూసినట్టు. వాడొక్కడు చూసి, నేను తలెత్తేలోపు బస్సు మలుపు తిరిగిపోతే అది చెల్లదు. ఆర్నెల్లలో మా లెక్క ఇరవై రెండు దగ్గర ఆగింది.

నిరుడు సంక్రాంతి అయిన వారానికి లండన్ వెళ్ళాను. మా అమ్మాయి వాళ్ళుండేది ఈస్ట్ హామ్‌లో. అక్కడ మురుగన్ గుడి ఉంది, కరివేపాకు దొరుకుతుంది, వీధిలో తెలుగు మాట వినపడుతుంది. శనివారాలు అమ్మాయికి ఆసుపత్రిలో డ్యూటీ. మనవణ్ణి నాకప్పగించి వెళ్ళేది. ఎనిమిదేళ్ళవాడు, ఇంట్లో నిలవడు. ఇద్దరం డిస్ట్రిక్ట్ లైన్ రైలెక్కి ఆల్డ్‌గేట్ ఈస్ట్‌లో దిగి, బ్రిక్ లేన్ వెంట షోర్‌డిచ్ దాకా నడిచేవాళ్ళం. ఆ చలిలో ఎక్కడ జారిపడతానో అన్న భయంతో నేను కాళ్ళ ముందరి నేల తప్ప ఇంకేమీ చూసేదాన్ని కాదు. వాడేమో మెడ వెనక్కి వాల్చి నడిచేవాడు.

“అమ్మమ్మా, అదుగో!”

మూడంతస్తుల పాత ఇటుక మేడ. కింద బట్టల కొట్టు. పైన పిట్టగోడ మూలన, మబ్బు పట్టిన ఆకాశంలోకి గులాబీ రంగు గొడుగు విప్పుకుని మనిషంత పుట్టగొడుగు. కాడ కాస్త పక్కకు వంగింది. పెట్టినవాళ్ళ పేరు ఎక్కడా కనపడలేదు. దేన్నో అమ్మడానికి పెట్టినట్టూ లేదు. కింద జనం కాఫీ కప్పులు పట్టుకుని పోతున్నారు. తలెత్తింది మేమిద్దరమే.

ఆ రాత్రి అల్లుడు ఫోనులో వెతికి చెప్పాడు. క్రిస్టియాన్ నాగెల్ అనే కళాకారుడు చేసినవట. దక్షిణాఫ్రికా మనిషి, ఉండేది లండన్‌లో. పాలీయురథేన్ నురుగుతో పుట్టగొడుగులు చేసి, రంగులు వేసి, తూర్పు లండన్ మేడల మీద నిలబెడతాడు. వాటిలో ఏది ఇంటివాళ్ళను అడిగి పెట్టిందో, ఏది అడగకుండా పెట్టిందో కింద నిలబడి చూసేవాళ్ళకు తెలియదు. తెల్లారేసరికి అక్కడ ఉంటుంది, అంతే.

నాగెల్ అన్న పేరు నా చెవిన నాగ అనే పడింది. ఆ రాత్రి చాలాసేపు నిద్ర రాలేదు. యాభై ఏళ్ళుగా నాలో నలుగుతున్న ఒక ప్రశ్న మళ్ళీ లేచి కూర్చుంది.

మాది ద్రాక్షారామం దగ్గర పల్లె. ఇంటి వెనక కొబ్బరితోటలో నా ఎత్తు పుట్ట ఉండేది. కార్తీకమాసంలో నాగుల చవితినాడు బామ్మ తలస్నానం చేసి, తడిచీరతో ఆ పుట్ట దగ్గరికి నడిచేది. చలిమిడి, చిమ్మిలి, వడపప్పు. కన్నంలో ఆవుపాలు పోసి, పుట్ట మీది తడిమన్ను వేలితో తీసి, ముందు తన చెవులకూ తర్వాత మా అందరి చెవులకూ రాసేది. చెవిపోటు రాకుండా. ఆ మన్ను ఎండి చర్మం మీద బిగుసుకోవడం ఇప్పటికీ నాకు తెలుస్తుంది.

ఆ పుట్ట చుట్టూనే, ఆషాఢంలో రెండు వానలు పడి ఉరుములు ఉరిమాక, తెల్లటి గొడుగులు లేచేవి. మా పొలంలో పనిచేసే ఆమె తెల్లవారకముందే వచ్చి వాటిని జాగ్రత్తగా, వేరు తెగకుండా తీసేది. ఒకసారి నాలుగు మంచివి ఏరి, కొంగులో పెట్టుకుని మా వంటింటి గుమ్మం దాకా తెచ్చింది. ప్రేమగా తెచ్చింది. బామ్మ చెయ్యి చాచి ఆపేసింది.

“అవతల పెట్టు. పుట్టలోంచి వచ్చినవి, మేం తినకూడదు.”

“పాలు పోసేదీ ఆ పుట్టలోనే కదా, బామ్మా?” అన్నాను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. బామ్మ జవాబు చెప్పలేదు. గొడుగులు తెచ్చినామె కొంగు మళ్ళీ మూటకట్టుకుని వెళ్ళిపోయింది. ఆ ముఖం నాకు గుర్తుంది.

తర్వాత సంస్కృతం చదువుకున్నాను, ముప్పయ్యేళ్ళు చెప్పాను. బామ్మ నిషేధానికి ఆధారం మనుస్మృతి అయిదో అధ్యాయంలో కనపడింది. ద్విజులు తినకూడనివాటిలో వెల్లుల్లి, ఉల్లితోబాటు కవకం, అంటే పుట్టగొడుగు. వాటి పక్కనే, అపవిత్రమైన చోట మొలిచినవన్నీ. తెలిసి తిన్నవాడు పతితుడవుతాడని అదే అధ్యాయంలో ఇంకోచోట ఉంది. విత్తనం కనపడదు, చెట్టు కనపడదు, తల్లీతండ్రీ తెలియదు, కుళ్ళులోంచి రాత్రికి రాత్రి లేస్తుంది. అలాంటిదాన్ని అనుమానించడం నాకర్థమవుతుంది. పైగా కొన్ని ప్రాణం తీస్తాయి. కుక్కగొడుగులు వండుకుని ఇంటిల్లిపాదీ పోయిన కథలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. ఆ నిషేధం ఎంతమందిని కాపాడిందో.

నాకర్థం కానిది ఇంకొకటి. పిలవకుండా, నాటకుండా, తనంతట తాను వచ్చినదాన్ని మనం ఇంత అనుమానిస్తాం. అలాగే వచ్చిన దేవుణ్ణి మాత్రం అందరికంటే గొప్పవాడంటాం. శిల్పి చెక్కి, పండితులు ప్రాణప్రతిష్ఠ చేసిన మూర్తికంటే స్వయంభువుకు మహిమ ఎక్కువ. మా ద్రాక్షారామ భీమేశ్వరుణ్ణి స్వయంభువు అనే కొలుస్తాం. తిరుమల కథ సరేసరి. శ్రీనివాసుడు దాగినది పుట్టలోనే. రాజుగారి ఆవు రోజూ వెళ్ళి ఆ పుట్టలో పాలు కురిపిస్తే, కోపంతో గొల్లవాడు గొడ్డలి విసిరితే, ఆ దెబ్బ స్వామి తలమీద తీసుకున్నాడు. రామాయణం రాసిన ఆదికవి పేరే పుట్ట పేరు. ఒకే పుట్ట. అందులోంచి దేవుడు వస్తే గుడి కడతాం, కవి వస్తే దండం పెడతాం, గొడుగు వస్తే అవతల పెట్టమంటాం.

ఈ మాట క్లాసులో అంటే పిల్లలు నవ్వేవారు. నాకు నవ్వు రాలేదు.

పుట్టగొడుగుకూ దేవుడికీ ముడిపెట్టినవాడు ఒకడున్నాడు. గోర్డన్ వాసన్ అనే అమెరికన్, బ్యాంకు ఉద్యోగం చేసి విరమించినవాడు, 1968లో పెద్ద పుస్తకం వేశాడు. ఋగ్వేదంలోని సోమం తీగ కాదు, ఎర్రటి తలమీద తెల్లటి చుక్కలుండే పుట్టగొడుగు అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. రాళ్ళతో దంచి, ఉన్నితో వడగట్టి, పాలు కలిపారన్నంత మాత్రాన అది పుట్టగొడుగు అయిపోదు. కానీ తొమ్మిదో మండలంలో సోమానికి తండ్రి పర్జన్యుడని ఉంది. పర్జన్యుడంటే ఉరిమే వానదేవుడు. ఆ మాట చదివినప్పుడు మా కొబ్బరితోటా, ఆషాఢపు ఉరుములూ గుర్తొచ్చి పుస్తకం కాసేపు మూసేశాను.

మళ్ళీ లండన్ నడకల దగ్గరికి వస్తే, బ్రిక్ లేన్ పేరే ఇటుకల సందు. ఒకప్పుడు అక్కడి బంకమన్ను తవ్వి ఇటుకలు కాల్చేవాళ్ళు. వీధి పేర్లు ఇంగ్లీషుతోపాటు బెంగాలీలోనూ రాసి ఉంటాయి. మా ఆరో పుట్టగొడుగు కోసం తలెత్తి వెతుకుతుంటే, ఫోర్నియర్ వీధి మూలనున్న ఇటుక భవనం పైన నీడగడియారం కనపడింది. దానిమీద 1743 అని, మనం నీడలం అనే అర్థమిచ్చే రెండు లాటిన్ మాటలు. ఫ్రాన్సు నుంచి మతహింసకు పారిపోయి వచ్చిన హ్యూగెనోలు చర్చిగా కట్టుకున్నారు దాన్ని. తర్వాత అది మెథడిస్టుల ప్రార్థనామందిరం. 19వ శతాబ్దం చివర, రష్యా వైపు నుంచి తరిమితే వచ్చిన యూదులకు సినగాగ్. 1976 నుంచి బెంగాలీ ముస్లిములకు మసీదు. గోడలు అవే. గడియారాన్ని ఎవరూ పీకేయలేదు. వచ్చినవాళ్ళలో చాలామంది పిలవకుండా వచ్చినవాళ్ళే. మొదట్లో వాళ్ళను అవతల పెట్టమన్నవాళ్ళు ఆ ఊళ్ళో ఉండేవాళ్ళు. లోపల నమాజు జరుగుతోంది. చెప్పులు వరసగా విడిచి ఉన్నాయి. నేను గుమ్మం ఎదుట చేతులు జోడించాను. మనవడు నన్ను చూసి తనూ జోడించాడు.

దగ్గర్లోనే హన్‌బరీ వీధిలో, మేడ పక్కగోడ నిండా పెద్ద కొంగ బొమ్మ ఉంది. బెల్జియం చిత్రకారుడు రోవా వేసినది. వేరే జాతి కొంగను వేస్తుంటే, అక్కడి బెంగాలీలు వచ్చి ఇది మా సారసమేనా అని ఆశగా అడిగారనీ, అందుకని దాన్ని సారసంగా మార్చాడనీ అక్కడివాళ్ళు చెప్తారు. ఆ కథ విన్నాక గోడ ముందు చాలాసేపు నిలబడిపోయాను. కింద నిలబడ్డవాళ్ళ భక్తి పైకి ఎక్కి బొమ్మను మార్చింది. ప్రాణప్రతిష్ఠ అంటే అదే కాదూ?

అప్పుడు నాకు తట్టింది. తేడా పుట్టలో లేదు, వచ్చినదానిలోనూ లేదు. దాన్ని మొదట చూసినవాడు ఎవడు, తర్వాత అది ఎవరి చేతికి పోయింది అన్నదానిలో ఉంది. తిరుమల కథలో పుట్టలోని స్వామిని మొదట తెలుసుకున్నది ఆవు, తర్వాత గొల్లవాడు. మా తోటలో గొడుగుల్ని మొదట చూసేది పొలం పనిచేసే ఆమె. దేవుణ్ణి కనుగొన్నవాళ్ళ దగ్గర్నుంచి దేవుణ్ణి మనం తీసుకున్నాం. పుట్టగొడుగుల్ని వాళ్ళకే వదిలేసి, అవి అపవిత్రమన్నాం. పూర్తిగా తీసేసుకోలేదనీ చెప్పాలి. ఇవాళ్టికీ తిరుమలలో సుప్రభాతవేళ తొలి దర్శనం సన్నిధి గొల్లది. ఆ ఒక్క మర్యాద నిలబెట్టినవాళ్ళకు నా నమస్కారం. బామ్మ గుమ్మం దగ్గర అలాంటి మర్యాద ఏదీ లేకపోయింది.

బుద్ధుడి చివరి భోజనం సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. పావా ఊళ్ళో చుందుడనే లోహకారుడు పెట్టాడు. దాని పేరు సూకరమద్దవం. లేత పందిమాంసం అని కొందరు వ్యాఖ్యాతలు, పందులు తొక్కిన నేలలో మొలిచే పుట్టగొడుగులని కొందరు. ఏదైతేనేం, తిన్నాక బుద్ధుడు జబ్బుపడ్డాడు. ఆయన బాధంతా చుందుణ్ణి గురించి. రేపు ఊరంతా అతణ్ణి నిందిస్తుందని శిష్యుడు ఆనందుణ్ణి పిలిచి, బోధి కలిగేముందు తిన్న అన్నమూ, నిర్వాణానికి ముందు తిన్న ఈ అన్నమూ ఫలంలో సమానమని అతనికి చెప్పమన్నాడు. ప్రాణం పోతున్నా పెట్టిన చేతిని కాపాడాడు. కొంగులో తెచ్చిన చేతిని మేం తిప్పి పంపాం.

గోడలున్నవాళ్ళ సంగతి కూడా ఆలోచించాను. రాజమండ్రిలో మా ప్రహరీ మీద అడగకుండా ఎన్నికల రాతలు రాస్తే, సినిమా పోస్టర్లు అంటిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా డాబా మీద రాత్రికి రాత్రి నాగెల్ గొడుగు లేస్తే? మొదట భయపడతాను, కట్టడానికి దెబ్బేమో, కిందపడి ఎవరికైనా తగులుతుందేమో అని. ఆ భయం న్యాయమైనదే. అడగడం మర్యాద. అది తీరాక మాత్రం దాన్ని పీకించను. రాతలూ పోస్టర్లూ మననుంచి ఓటో డబ్బో కోరతాయి. ఇది మెడ ఎత్తమంటుంది.

మే నెలలో మా తొలి గొడుగు మాయమైంది. పిట్టగోడ మూలన మచ్చ ఒక్కటే మిగిలింది.

“చచ్చిపోయిందా?” అన్నాడు.

నిజం పుట్టగొడుగైతే నాకు జవాబు తెలుసు. మనం చూసేది పండు. అసలుది లోపల దారాల్లా అల్లుకుని ఉంటుంది. పుట్టలో చెదలు ఎండుటాకులూ పుల్లలూ తెచ్చి, గూళ్ళు కట్టి, వాటిమీద ఆ దారాల్ని సాగు చేస్తాయి. చెదలు అరిగించుకోలేని కట్టెను అది అరిగించి పెడుతుంది. వాన తడికి పొడుగాటి వేరుతో మన్ను చీల్చుకుని పైకి వస్తుంది. కోసేసినా మళ్ళీ వానకు వస్తుంది. వాడికి ఇదంతా చెప్పాను. “మరి ఈ మేడ లోపల ఏముంది?” అన్నాడు. ఏమీ లేదు, నురుగూ రంగూ. అబద్ధం చెప్పలేకపోయాను. తర్వాతి శనివారం వాడు ఆ మూల దగ్గరికి రాగానే మళ్ళీ తలెత్తాడు. నేనూ ఎత్తాను. వీసా గడువు అయ్యేదాకా ప్రతి వారమూ ఎత్తాం. ఆ ఖాళీని లెక్కలో వెయ్యాలా వద్దా అన్నది మా ఇద్దరికీ తేలలేదు.

జులైలో ఇంటికొచ్చాను. రెండు వానలు పడ్డాయి. గోకవరం వైపు పనిమీద వెళ్ళి తిరిగొస్తుంటే, రోడ్డు పక్కన ఒక గిరిజన స్త్రీ ఆకుల్లో పెట్టుకుని అమ్ముతోంది. తెల్లటివి, వేళ్ళకు మన్నుతో సహా. “పుట్టవేనమ్మా, పొద్దున్నే తీశా,” అంది. బేరం ఆడలేదు. అరవై రెండేళ్ళలో మొదటిసారి మా వంటింటి గుమ్మం దాటించాను.

పళ్ళెంలో పెట్టి మనవడికి వీడియో కాల్ చేశాను. అక్కడ ఇంకా ఉదయం. నిద్రకళ్ళతో తెరకు దగ్గరగా వచ్చాడు.

“ఇద్దరం చూస్తున్నాం కదా అమ్మమ్మా. ఇరవై మూడు.”

ఫోను గోడకు ఆనించి, కుళాయి విప్పి, ఒక్కోటీ కడగడం మొదలుపెట్టాను. మూరెడు వేరు. మన్ను ఎర్రగా, మెత్తగా వేళ్ళకు అంటుకుంది. వాడు ఏదో చెబుతున్నాడు, వింటూనే ఉన్నాను. చెయ్యి దానంతటదే చెవి దగ్గరికి వెళ్ళింది. ముందు కుడిచెవికి, తర్వాత ఎడమచెవికి.