పరమాణు సంయోగానికి నిమిత్తమేది?

రెండు పరమాణువులు కలిసి ఒక కొత్త వస్తువు కావడానికి ఆ రెండే చాలునా, వాటికి వెలుపల మరో కారణం కావాలా అన్నది వైశేషిక దర్శనం పట్టుదలతో విచారించిన ప్రశ్న. ఆ దర్శనంలో కార్యం దేన్ని ఆశ్రయించి పుడుతుందో అది సమవాయి కారణం, అలా ఆశ్రయమైన భాగాల కూడిక అసమవాయి కారణం, కార్యాన్ని కలిగించి తాను అందులో భాగం కాకుండా నిలిచేది నిమిత్త కారణం. జడమైన పరమాణువులలో సృష్ట్యాదిని కదలిక ఎలా పుట్టిందంటే, పూర్వ వైశేషికులు అదృష్టాన్ని, అంటే జీవుల పుణ్యపాపాల వల్ల కలిగే కంటికి కానరాని శక్తిని చూపగా, ఆంధ్రుడిగా ప్రసిద్ధికెక్కిన అన్నంభట్టు తన దీపిక వ్యాఖ్యానంలో, ఈశ్వరుని సృష్టి సంకల్పం వల్లనే పరమాణువులలో క్రియ పుట్టి, రెండేసి కలిసి ద్వ్యణుకాలు ఏర్పడతాయని వివరించాడు. అదృష్టం కూడా అచేతనమే గనుక అది దేన్నీ కదిలించజాలదని శంకరాచార్యులు అంతకు ఎంతో ముందే బ్రహ్మసూత్ర భాష్యంలో ఆక్షేపించి ఉన్నారు.

నక్షత్రాల నడుమ వ్యాపించిన పలుచని వాయు మేఘాలలో అణువులు ఎలా పుడతాయో గణించే సిద్ధాంత రసాయనశాస్త్రానికి ఇదే చిక్కు మరో రూపంలో ఎదురైంది. రెండు హైడ్రోజన్ పరమాణువులు బంధం ఏర్పరచుకుంటే సుమారు 4.5 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి మిగులుతుంది; అది బయటికి పోకపోతే ఆ జంట మరుక్షణమే విడిపోతుంది. రెండూ ఒకే జాతివి కావడం వల్ల ఆ జంటలో విద్యుదావేశం ఒక వైపుకు ఒరగదు, అందుచేత ఆ శక్తిని కాంతిగా వెదజల్లడం దానికి దాదాపు అసాధ్యం. ఈ చిక్కును ధూళి రేణువు విప్పుతుందని 1963లో గౌల్డ్, సాల్పీటర్ అనే శాస్త్రవేత్తలు గణించి చూపారు: పరమాణువులు రేణువు మీద అంటుకుని, జరుగుతూ కలుసుకుంటాయి, మిగులు శక్తిలో కొంత రేణువుకు చేరుతుంది, అణువు ఎగిరిపోతుంది, రేణువు మరో జంట కోసం అక్కడే ఉంటుంది. నిమిత్త కారణానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం. అయితే ప్రతి కలయికకూ మూడో వస్తువు అక్కరలేదు. విశ్వంలో తొలి అణువుగా భావించే హీలియం హైడ్రైడ్ అయాన్ (2019లో ఎన్‌జీసీ 7027 నీహారికలో దాని ఉనికిని గుర్తించారు) కాంతిని వెలువరిస్తూ తనంతట తానే ఏర్పడగలదు.

ఇంతమాత్రాన వైశేషిక దర్శనకర్త కణాదుడు హైడ్రోజన్ అణువును ముందే ఎరిగాడనడం ఆయనకు గౌరవం కాదు. వైశేషికుల పరమాణువుకు అవయవాలు లేవు. హైడ్రోజన్ అణువులోని బంధమో ఎలక్ట్రాన్లను పంచుకోవడం వల్లనే ఏర్పడుతుంది. నేటికీ నిలిచినది వారి ప్రశ్న, దానితోపాటు అనవస్థ, అంటే కారణానికి కారణం వెదుకుతూ ఎక్కడా ఆగలేకపోవడమనే దోషం. ధూళికీ కారణం కావాలి: అది నక్షత్రాలలో పుట్టిన మూలకాలతో ఏర్పడినది. తొలి నక్షత్రాలు పుట్టాలంటే వాయువును చల్లార్చడానికి హైడ్రోజన్ అణువులు ముందే ఉండాలి. ధూళి లేని ఆ కాలంలో ఒక ఎలక్ట్రాన్ హైడ్రోజన్ పరమాణువుతో చేరి రుణ అయాన్‌ను ఏర్పరచి, ఆ అయాన్ మరో పరమాణువుతో కలిసినప్పుడు మిగులు శక్తితో బయటపడిందని గణన చెబుతుంది. ఆ ఎలక్ట్రాన్ ఎందుకుంది, దాని ధర్మాలు అలాగే ఎందుకున్నాయి అన్నవాటికి రసాయన గణన సమాధానం చెప్పదు. ఈశ్వరుణ్ణి గురించిన వాదం మొదలుకావలసిన చోటు అది. ధూళి రేణువు దగ్గర ఆయన్ను నిలిపిన ఆస్తికుడు తర్వాతి గణనతోనే ఆయన్ను అక్కడి నుంచి కదిలించవలసి వస్తుంది.