గుడి ముందు విడిచే చెప్పులు

కొత్తపేట నియోజకవర్గంలోని వాడపల్లిలో వేంకటేశ్వరస్వామికి ఏడు శనివారాల మొక్కు ప్రసిద్ధం. వారానికి ఏడు ప్రదక్షిణలు, అన్నీ చెప్పుల్లేకుండానే. చెప్పులు విడవడం శుచికోసం, అణకువకోసం. అయితే మధుమేహంతో అరికాళ్లు మొద్దుబారినవారికి ఎండకు కాగిన బండ చురుక్కుమనదు. బొబ్బ పుండయ్యాకే తెలుస్తుంది. ఆ దేహాన్నీ నియమం అంతే అడుగుతుందా?

సంప్రదాయం పాదాలను చిన్నచూపు చూడలేదు. చరకసంహిత సూత్రస్థానం 5వ అధ్యాయం పాదరక్షలనూ, పాదాలకు నూనె మర్దనాన్నీ దినచర్యలో చేర్చింది. వైష్ణవాలయాల్లో తలమీద పెట్టే శఠగోపం స్వామి పాదాలకు గుర్తు. దగ్గరలోని ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి పాదాల చెంత ఊరే నీటిని గంగగా కొలుస్తారు. దేహరక్షణ భక్తికి అడ్డనడం సరికాదు. తెలిసి ఓర్చుకునే నొప్పిని వ్రతం కోరవచ్చు. తెలియకుండా తగిలే గాయంలో సమర్పణ ఏమీ లేదు.

అరికాళ్లు మొద్దుబారినవారు ఎండెక్కకముందే ప్రదక్షిణలు ముగించాలి. ఆలయం ఒప్పుకుంటే నూలు మేజోళ్లు మేలు. తర్వాత కాళ్లు కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడిచి, అరికాళ్లు పరీక్షించుకోవాలి. చెప్పులు సాయంత్రం, పాదం కాస్త ఉబ్బినప్పుడు కొనాలి. మెత్తటి అడుగు, మడమ వెనక పట్టీ ఉన్నవి ఎంచుకోవాలి. వేళ్ల మధ్య పట్టీ మొద్దుబారిన కాలిని ఒరుసుకుని పుండు చేయగలదు.