దంచుతున్న బొమ్మ, కింద లేసు

నరసాపురంలో అమ్మమ్మ ఇల్లు అమ్మేశాక, అటక మీది ట్రంకుపెట్టెలో ఉన్న కొలువు బొమ్మల్లో ఒకటి నా వాటాకి వచ్చింది. రోకలితో దంచుతున్న కొండపల్లి ఆవిడ. ఒక చెయ్యి మోచేతి దగ్గర విరిగింది. రంగు లేచిపోయిన చోట తెల్ల పొణికి కర్ర కనిపిస్తుంది.

దాన్ని ఆయిల్‌లో వేద్దామనుకున్నాను. వారమంతా వేరేవాళ్ల కోడ్‌లో బగ్స్ వెతికే నాకు ఆదివారాలు అదే పని. అందంగా ఉంటుందని బొమ్మ కింద అమ్మమ్మ అల్లిన లేసు గుడ్డ పరిచాను.

పాత బొమ్మని వెయ్యడంలో ఒక చిక్కుంది. కొత్తదైతే నేను దాన్ని పట్టించుకునేవాణ్ణి కాదు. పగులు, మాసిన పసుపు, అరిగిన ముక్కు, ఇవే కుంచెకి విందు. యాంటిక్ అనగానే వయసు మిగిలి పనివాడు మాయమవుతాడు. చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపి ఆ చేతుల్ని అతికినాయన పేరు ఎవరూ రాసిపెట్టలేదు. ఈ అపరాధభావాన్ని నేను ముందే ఊహించాను. నిజం చెప్పాలంటే కాస్త ముచ్చటపడ్డాను కూడా.

దెబ్బ వేరేచోట తగిలింది. బొమ్మకి ఆరు ఆదివారాలు పట్టాయి. లేసుకి ఇరవై నిమిషాలు. తెల్లరంగు అద్దిన పొడి కుంచెతో అలా తాటించేశాను. చూసినవాళ్లు మెచ్చుకున్నదీ ఆ లేసునే.

జర్మన్ సామాజికవేత్త మారియా మీస్ 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' రాశారు. ప్రపంచ మార్కెట్ కోసం అల్లుతున్న ఆడవాళ్లని గృహిణులుగా, వాళ్ల పనిని తీరికవేళ కాలక్షేపంగా లెక్కగట్టడం వల్లే కూలి అంత తక్కువకి సాగిందని ఆవిడ వాదన. చదివి, తలూపి, షెల్ఫ్‌లో పెట్టేసినవాణ్ణే నేను. మా ఇంట్లో అన్నదీ అదేగా: "అమ్మమ్మ ఏదో అల్లుకుంటోంది లే." నెలకోసారి ఏజెంటు వచ్చి పట్టుకెళ్లేవాడు. ఈ గుడ్డ ఆయన వద్దని తిప్పిపంపినది. మూలన ఒక గొలుసు తప్పింది. నా బొమ్మలో ఆ తప్పు లేదు. నేను చూస్తే కదా!

అయితే చిత్రకారుడికి ఎంచుకునే హక్కు లేదా? ఉంది. అన్నిటికీ సమానంగా కళ్లప్పగిస్తే అది సరుకుల జాబితా అవుతుంది. కానీ ఇక్కడ ఎంచుకున్నది నేను కాదు. ఏది చూడక్కర్లేదో మా ఇల్లు ఎప్పుడో ఎంచిపెట్టింది, నేను దానికి రంగులు పూశాను, అంతే.

మొన్న లేసు మీద బూడిదరంగు పూసి మళ్లీ మొదలుపెట్టాను. ఒక్కో కన్నూ లెక్కపెట్టి వేస్తున్నాను. ఇప్పటికి నాలుగంగుళాలు అయింది. బొమ్మ కాస్త వెనక్కి జరిగినట్టుంది. ఆ మూల దాకా ఇంకా రాలేదు.