ముందు ఆ ఇంటికి వెళ్లు

నాయనా,

నిన్ను డీకనుగా ఎన్నుకున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. నాకెంత సంతోషమైందో! ప్రభువు బల్ల దగ్గర రొట్టె పంచడం తేలికే. దారి తప్పినవాణ్ణి ఆ బల్లకు దూరంగా ఉంచాలా వద్దా అని తేల్చడమే కష్టం. ఇంటింటి ప్రార్థనల్లో ‘విశ్వాసముంటే మందులు మానేయండి’ అంటున్న కుర్రాడి వల్ల ఆ కష్టం నీకు అప్పుడే వచ్చిపడిందట.

అది తప్పుడు బోధే. లూకాను ప్రియమైన వైద్యుడన్నాడు పౌలు. కడుపు బాధకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని తిమోతికి రాశాడు. ఇన్సులిన్ మానేసినవాళ్లెవరైనా ఉంటే ఇవాళే వెళ్లి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. దానికి కమిటీ తీర్మానం అక్కర్లేదు.

ఇక ఆ కుర్రాడు. మత్తయి 18లో ప్రభువు వరుస చెప్పాడు: ముందు ఒంటరిగా మాట్లాడు, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకెళ్లు, అప్పటికీ వినకపోతేనే సంఘానికి చెప్పు. మనవాళ్లు ముందు వాట్సాప్‌లో పెడతారు, తర్వాత ప్రసంగంలో పేరు చెప్పకుండా పొడుస్తారు. ఇంటి గడప మాత్రం ఎవరూ తొక్కరు. ఎఫెసులో అపొల్లో గొప్పగా బోధించేవాడు, కానీ అతనికి తెలిసింది యోహాను బాప్తిస్మం వరకే. అకుల, ప్రిస్కిల్ల అతన్ని నలుగురిలో నిలదీయలేదు. తమతో తీసుకెళ్లి విడమరిచి చెప్పారు. ఆ తర్వాత అకయలో విశ్వాసులకు అతనెంత సాయపడ్డాడు! ఈ అబ్బాయి తెలియక మాట్లాడుతున్నాడో, కానుకల కోసం తెలిసే మాట్లాడుతున్నాడో ఎదురుగా కూర్చుంటేనే తేలుతుంది. కానుకల కోసమైతే మొహమాటపడకు. అంతియొకయలో పేతురంతటివాణ్ణే పౌలు అందరి ముందూ తప్పుపట్టాడు.

ఒక్క విషయంలో ఈ వరుస పనికిరాదు. పిల్లల మీద అఘాయిత్యం జరిగిందని తెలిస్తే సంఘంలో సర్దుబాటు చేయకూడదు. పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టమే అంటోంది. ఎవరు అడ్డుపడినా ఆగకు.

వెలివేయడమంటే మాత్రం నాకు భయం. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది ఊరి బయట బతికిన మాదిగలు. అలాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లమే మనం. పాత పగతోనో, కమిటీ ఎన్నికల కక్షతోనో ఒకణ్ణి బయటికి పంపే మాట మన నోట రాకూడదు. కొరింథులో తండ్రి భార్యతో ఉంటున్నవాణ్ణి వెలివేయమన్న పౌలే, రెండో పత్రికలో శిక్షపడిన ఒకణ్ణి క్షమించి ఓదార్చమన్నాడు, దుఃఖంలో మునిగిపోతాడేమోనని.

ఒకవేళ ఈ కుర్రాణ్ణి బల్లకు దూరంగా ఉంచాల్సి వచ్చినా, నెలకోసారైనా వాళ్లింటికి వెళ్తూ ఉండు. మారాడనిపించిన రోజున పాస్టరుగారితో చెప్పి, ఆదివారం ఆరాధనలో అందరి ముందూ చేర్చుకోండి. ఆ మాట మినిట్స్ పుస్తకంలో కూడా రాయించు.