పులితో వావి

పాడేరు, అరకు వైపు ఏ బడిలోనైనా హాజరు పట్టీ తీసి చూడండి. కిల్లో, కిముడు, గొల్లోరి, పాంగి, వంతాల, కొర్రా. కిల్లో అంటే పులి. కిముడు ఎలుగుబంటి, గొల్లోరి కోతి, పాంగి గద్ద, వంతాల పాము, కొర్రా సూర్యుడు. ఇవి ఒక్క తెగకు చెందిన ఇంటిపేర్లు కావు. బగతల్లో ఉంటాయి, వాల్మీకుల్లో ఉంటాయి, కోటియాల్లో, పోర్జల్లో కూడా ఉంటాయి. కిల్లో పిల్లను కిల్లో పిల్లవాడికి ఇవ్వరు. అన్నాచెల్లెళ్ల వరస. పులి కూడా ఆ ఇంటి మనిషే, దాని మీద చేయెత్తకూడదని పెద్దలు చెప్తారు.

మన పిల్లలు ఈ మాట బయట చెప్తే నవ్వుతారు. పులి మీ తాతా అంటారు. మూఢనమ్మకం అంటారు. విచిత్రం ఏమిటంటే అదే బడిలో సైన్సు గంటలో నల్లబల్ల మీద ఇలా రాస్తారు: జంతు రాజ్యం, కార్డేటా వర్గం, క్షీరదాల విభాగం. మనిషి అందులోనే, పులి అందులోనే. ఇద్దరూ పిల్లలకు పాలిచ్చేవాళ్లే. పులీ మనమూ చుట్టాలమని ఆ నల్లబల్ల కూడా చెప్తోంది. మరి ఒకటి పాఠం, ఇంకొకటి నవ్వులాట ఎందుకయింది?

జంతువులను వరుసలో పెట్టే పద్ధతిని స్థిరపరిచింది స్వీడన్ దేశపు కార్ల్ లినేయస్. 1735లో వేసిన పుస్తకంలో తిమింగలాన్ని చేపల్లో కలిపాడు. 1758 నాటి పదో కూర్పులో దాన్ని తీసి పాలిచ్చే జంతువుల్లో పెట్టాడు. ఆయన పోలికలు చూశాడు. ఆ పోలికలు ఎందుకున్నాయో చెప్పింది డార్విన్, 1859లో. ఒకే పూర్వీకుల నుంచి వచ్చినవి కాబట్టి పోలికలున్నాయి, వర్గీకరణ అంటే వంశవృక్షమే అన్నాడు. అంటే జీవశాస్త్రవేత్త అడిగేది, సంబంధం వచ్చినప్పుడు మన ముసలివాళ్లు అడిగే ప్రశ్నే: వీళ్లు ఎవరి బిడ్డలు? ఏ తరంలో కలుస్తారు?

అలా అని మన పెద్దలకు డార్విన్ చెప్పింది ముందే తెలుసని నేను అనను. అది నిజం కాదు, మనకు అవసరమూ లేదు. కొర్రా వాళ్లకు సూర్యుడు ఇంటివాడు. సూర్యుణ్ణి ఏ జీవశాస్త్రం గడిలో పెడతాం?

సైన్సు దగ్గర మెచ్చుకోవాల్సిన గుణం వేరే ఉంది. అలుగు సంగతే చూడండి. ఒంటి నిండా పొలుసులు, నోట్లో పళ్లుండవు, పొడవాటి నాలుకతో చీమల్నీ చెదపురుగుల్నీ నాకి తింటుంది. ఆ పొలుసులు మన గోళ్లలో ఉండే పదార్థమే. బిడ్డకు పాలిస్తుంది, తోక మీద ఎక్కించుకుని తిరుగుతుంది. లినేయస్ దీన్ని ఏనుగుతో ఒకే గుంపులో వేశాడు. తర్వాతివాళ్లు పళ్లు లేవు కదా అని దక్షిణ అమెరికా చీమలు తినే జంతువులతో కలిపి దంతరహితాలు అన్నారు. చాలా కాలం అలాగే నడిచింది. చివరికి జన్యువులు పరీక్షిస్తే తేలింది ఏమిటంటే, అలుగుకు దగ్గర చుట్టాలు పిల్లి, కుక్క, ఎలుగు, పులి. పళ్లు లేనిది పళ్లున్నవాటి ఇంటిది! రుజువు దొరికాక పాత గుంపును చెరిపేశారు. పరువు పోతుందని పట్టుకు కూర్చోలేదు.

న్యూగినీ కొండల్లో కలాం అనే తెగవాళ్లు పక్షుల్నీ గబ్బిలాల్నీ ఒకే పేరు కింద చేరుస్తారు. కానీ కాసోవరీని అందులో చేర్చరు. అది ఈకలున్న, ఎగరలేని పెద్ద పక్షి. రాల్ఫ్ బల్మర్ అనే పరిశోధకుడు 1967లో దీని మీదే ఒక వ్యాసం రాశాడు. కాసోవరీ కలాం వాళ్లకు తోబుట్టువు, మేనత్త బిడ్డ వరస. అందుకే దాన్ని వేటాడినా బాణంతో రక్తం చిందించకూడదు, దుడ్డుకర్రతోనే కొట్టాలి. కొట్టినవాడు కొన్నాళ్లు దుంపల తోటకు దూరంగా ఉండాలి. అక్కడ వరస కలిపితే నడవడిక కూడా కలుస్తుంది. కిల్లో వాళ్లకూ అంతే. నల్లబల్ల మీది వరసకు మాత్రం అలాంటి బరువేమీ లేదు. పులి క్షీరదం అని తెలిసినవాడు పులికి ఏమీ బాకీ పడడు.

ఇంకొక చిక్కు ఉంది. తెలుగు పాఠ్యపుస్తకంలో ఈ నిచ్చెన చివరి మెట్టు పేరు 'జాతి'. పులి ఒక జాతి, ఎలుగు ఒక జాతి. బయట అదే మాటతో మనల్నీ పిలుస్తారు, గిరిజన జాతులని. జీవశాస్త్రం లెక్కలో భూమ్మీది మనుషులందరిదీ ఒక్కటే జాతి. కానీ మాట ఒకటే కావడంతో చూపు జారిపోతుంది. తిమింగలాన్ని సరిచేసిన ఆ 1758 కూర్పులోనే లినేయస్ మనుషుల్ని నాలుగు రకాలు చేశాడు. యూరపువాణ్ణి చట్టం నడుపుతుందట, ఆసియావాణ్ణి అభిప్రాయాలు, ఆఫ్రికావాణ్ణి ఇష్టారాజ్యం. వరసలు పెట్టే చోట ఎక్కువ తక్కువలు పెట్టాడు. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. తర్వాత అది మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకల వాళ్లకు పుట్టుకే నేరమయింది. 1952లో చట్టం పోయింది, చూపు పోలేదు. అలుగును ఏనుగు పక్కన పెట్టినా అలుగుకు తెలియదు. ఎరుకల తల్లికి తెలిసింది.

కాబట్టి సైన్సు వరస నిజమా, మన వరస నిజమా అని కొట్టుకోవడం నాకు పనికిరాని తగువులా కనిపిస్తుంది. రెండింటికీ లోటు ఉంది, మన లోటు కూడా ఒప్పుకోవాలి. కిల్లో వాడికి పులి మీద బాధ్యత ఉంది, అలుగు మీద లేదు. మన వావి ఇంటిపేరు దగ్గర ఆగిపోతుంది. సైన్సు వావి చీమ దాకా, చెట్టు దాకా పోతుంది, కానీ ఎవరి చేతినీ పట్టుకోదు. 1972 నాటి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో అలుగు పేరుంది. అది భయం పెట్టగలదు, చుట్టరికం కలపలేదు.

పొలుసులు కొనేవాడు వచ్చి, కొండ మీద అలుగు కన్నం చూపించమని మన కుర్రవాడికి డబ్బు ఆశ పెడతాడు. ఆ కుర్రవాడు కిల్లో ఇంటివాడే అనుకుందాం. వాడు బడిలో చదివాడు, అలుగు పులికి దగ్గర చుట్టమని. పులి తనకు ఏమవుతుందో ఇంట్లో విన్నాడు. ఈ రెండు మాటల్నీ ఒకచోట చేర్చి వాడికి చెప్పినవాళ్లు ఇప్పటిదాకా ఎవరైనా ఉన్నారా?