మరి బ్రేకు తొక్కిందెవరు?

ఆదివారం మధ్యాహ్నం. మా ఇంటి పక్క రేకుల షెడ్డులో కారు, మోచేతుల దాకా గ్రీజుతో నేను. నాతోపాటు కాలేజీలో పాఠాలు చెప్పే మిత్రురాలు గుంటూరు నుంచి తెనాలి వెళ్తూ వడ్లమూడిలో మా ఇంటి ముందు ఆగింది. "ఇదంతా నువ్వే చేశావా?" అంది. "నేనే చేశాను" అన్నాను. ఫోను తీసి ఫొటో కూడా తీసుకుంది. పీహెచ్‌డీ పట్టా చేతికొచ్చిన రోజున కూడా నాకంత గర్వం కలగలేదు.

రాత్రి అన్నంలోకి మజ్జిగ పోస్తూ అమ్మ అడిగింది. "మరి బ్రేకు తొక్కిందెవరే?"

నిష్ఠూరంగా అడగలేదు. మామూలుగానే అడిగింది. అందుకే ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

కారు మా నాన్నది. 1966 నాటి స్టాండర్డ్ హెరాల్డ్, రెండు తలుపులది. ఇంగ్లండులో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్‌ని 1961 నుంచి మద్రాసులో ఈ పేరుతో తయారుచేశారు. ఇంగ్లండులో దాని చట్రాన్నే పొట్టిచేసి 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు తెచ్చారు. నాన్న అందుకే మా కారుని "రేసు కారుకి అక్క" అనేవాడు. 1986లో పాత కారుగానే కొన్నాడు. ప్రతి ఆదివారం దాని కిందే పడుకుని ఉండేవాడు. తమ్ముడికి ఎనిమిదో ఏట పానా చేతికిచ్చాడు. నాకు పద్దెనిమిదేళ్ళొచ్చినా టార్చిలైటు పట్టుకునే పనే. నాన్న 2014లో పోయాడు. ఏడేళ్ళు కారు టార్పాలిన్ కింద ఉండిపోయింది. పాత ఇనుముకి అమ్మేద్దామని తమ్ముడు ఫోనులో అన్న రోజున నేను పానా తీశాను.

హెరాల్డ్‌లో కొత్తవాళ్ళకి ఒక సౌకర్యం ఉంది. బానెట్, ముందు మడ్‌గార్డులు అన్నీ ఒకే ముక్కగా ముందుకి వాలతాయి. ముందు టైరు మీద కూర్చుంటే 948 సీసీ ఇంజను మొత్తం ఒళ్ళో ఉన్నట్టే. పాయింట్ల సందు అంగుళంలో వెయ్యికి పదిహేను వంతులు, ప్లగ్గుల సందు పాతిక వంతులు. పుస్తకంలో చదివిన ఈ అంకెలు వేళ్ళకి తెలిసిరావడానికి నెలలు పట్టింది. ఆ తెలియడంలో నాకు దొరికిన ధైర్యం చిన్నది కాదు. పనిముట్లని ఆడవాళ్ళకి దూరంగా ఉంచడం వెనక ఎంత రాజకీయం ఉందో సిద్ధాంత వ్యాసంలో రాశాను గాని, పానా పట్టాకే నాకు అర్థమైంది. కాబట్టి నా గర్వాన్ని నేను తప్పుపట్టుకోవడం లేదు. "నేనే" అన్న మాట దగ్గరే నా పేచీ.

కారు బ్రేకుల్లో గాలి చేరితే తీసే పని మామూలుగా ఒక్కరివల్ల కాదు. ఒకరు లోపల కూర్చుని పెడలు తొక్కిపట్టాలి. ఇంకొకరు చక్రం దగ్గర నిపుల్ వదులు చేస్తే నూనెతోపాటు బుడగలు బయటికొస్తాయి. నిపుల్ బిగించేదాకా పెడలు మీద కాలు తియ్యకూడదు. తీస్తే మళ్ళీ గాలి లోపలికి పోతుంది. నాలుగు చక్రాలకీ ఇదే పని, బుడగలు ఆగేదాకా. "తొక్కమ్మా", "పట్టు", "వదులు" అని నేను అరుస్తుంటే అమ్మ మోకాళ్ళ నొప్పితో ఆ పెడలు తొక్కింది. కారు ఇంటికొచ్చిన ముప్పై అయిదేళ్ళకి ఆమె మొదటిసారి డ్రైవరు సీట్లో కూర్చున్నది అప్పుడే. ఆ సంగతి కూడా నేను అప్పుడు గమనించలేదు.

కారు చరిత్రలో ఆడవాళ్ళ గురించి చెప్పేటప్పుడు మనం బెర్తా బెంజ్‌ని తలుచుకుంటాం. పెళ్ళికి ముందే తన కట్నం డబ్బుని కాబోయే భర్త వ్యాపారంలో పెట్టిన మనిషి. 1888 ఆగస్టులో భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకులతో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి వంద కిలోమీటర్ల పైచిలుకు కారులో వెళ్ళింది. దారిలో పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచింది. కరెంటు తీగ ఒరుసుకుపోతే మేజోడు పట్టీ చుట్టింది. ఈ రెండూ అందరూ చెబుతారు. అరిగిన బ్రేకు చెక్కలకి తోలు వేసినది ఒక చెప్పులు కుట్టే ఆయన. ఎత్తు ఎక్కలేకపోతే తోసినవాళ్ళు పిల్లలు. ఇది చెప్పినంత మాత్రాన ఆమె సాహసం తగ్గదు. మగవాళ్ళ చరిత్ర ఎప్పుడూ ఒక్కడి పేరే చెప్పింది. ఆ ఒక్కడి చోట ఒక్కతెని కూర్చోబెడితే మన పని అయిపోతుందా?

వడ్లమూడికి దగ్గర్లోనే కొలకలూరు ఉంది. పి. సత్యవతి గారి ఊరు. ఆమె "ఇల్లలకగానే" కథలో ఇల్లాలు ఇల్లు అలికి అలికి తన పేరే మర్చిపోతుంది. ఆ కథని నేను ఏటా క్లాసులో చెబుతాను. అయినా మా ఇంట్లో ఆదివారాల లెక్క ఎప్పుడూ వెయ్యలేదు. నేను కారు శుభ్రం చేస్తే అది అభిరుచి. అమ్మ ఆ పూటే గిన్నెలు తోమితే అది చాకిరీ. రెండూ అరిగేవాటిని నిలబెట్టే పనులే, మళ్ళీ మళ్ళీ చెయ్యాల్సిన పనులే. తేడా ఎక్కడుంది? నైపుణ్యంలో ఉందంటారు. కుక్కరు కూత తేడాగా ఉంటే వాషరు పోయిందని వంటింట్లోకి వెళ్ళకుండానే చెప్పగలదు అమ్మ. నేను ఇంజను చప్పుడుని అలా వినడానికి రెండేళ్ళు పట్టింది. అసలు తేడా వేరే చోట ఉంది. కారుని వచ్చే ఆదివారానికి వాయిదా వెయ్యొచ్చు. అన్నాన్ని వెయ్యలేం. వద్దనుకునే హక్కున్న పనికే గౌరవం దక్కుతోంది.

అమెరికన్ కళాకారిణి మియర్ల్ లాడర్‌మన్ యూకలీస్ తల్లయ్యాక, 1969లో, ఇల్లు నడిపే పనినే తన కళగా ప్రకటించింది. 1973లో హార్ట్‌ఫర్డ్‌లోని మ్యూజియం మెట్లు కడిగింది. గొప్ప ధిక్కారమే. కాని రోజూ ఆ మెట్లు కడిగేవాళ్ళని మ్యూజియానికొచ్చినవాళ్ళు ఎంతమంది చూసి ఉంటారు? నా గ్రీజు చేతుల్ని ఫొటో తీశారు. చేబ్రోలు మెకానిక్ దగ్గర పనిచేసే కుర్రాడి చేతులు రోజూ అలాగే ఉంటాయి. వాటికెవరూ ఫొటో తియ్యరు. సాయంత్రం చేతులు కడుక్కుంటే నేను మళ్ళీ లెక్చరర్ని. వాడికి ఆ నలుపు గోళ్ళలోనే ఉండిపోతుంది. చదువు, కులం అండగా ఉన్నవాళ్ళ చేతికంటిన మురికి ముచ్చటగా కనిపిస్తుంది.

ఆ మెకానిక్‌ని మేం బాబాయ్ అంటాం. ఒకరోజు ముందు చక్రాలు చూసి, "అమ్మాయ్, కింద ట్రన్నియన్‌కి గ్రీజు కొట్టావా?" అన్నాడు. కొట్టాను. "తప్పు. దానికి గేరాయిలే పట్టాలి" అన్నాడు. చక్రం పక్కకి తిరిగేటప్పుడు అడుగున బరువంతా మోసే మర కీలు అది. గ్రీజు బిగుసుకుపోతే లోపలి మరలు ఎండి తుప్పు పడతాయి. పైకేమీ తెలీదు. స్టీరింగు కొంచెం బరువెక్కుతుందంతే. ఒకనాడు విరిగితే చక్రం పడిపోతుంది. గ్రీజు గన్నులో గేరాయిలు నింపి ఎలా ఎక్కించాలో ఆయనే చూపించాడు. డబ్బులు తీసుకోలేదు. ఆయన గంటన్నర సమయాన్ని కూడా నేను "నేనే" అన్న మాటలో కలిపేసుకున్నాను.

సిద్ధాంత గ్రంథం మొదటి పేజీలో అమ్మకి కృతజ్ఞతలు చెప్పాను. "సహకారం" అని రాశాను. కృతజ్ఞత చెబితే బాకీ తీరినట్టేనా? తీరదని ఇప్పుడు అనుకుంటున్నాను. పనిలో వాటా తీసుకోకుండా పేరులో వాటా ఇవ్వడం చౌక బేరం.

అందుకే ఒకరోజు, "అమ్మా, నీకు డ్రైవింగు నేర్పిస్తా" అన్నాను. విముక్తి ప్రసాదిస్తున్నట్టే అన్నాననుకుంటాను. అమ్మ నవ్వింది. "నాకెందుకే కారు? ఆదివారం కావాలి" అంది.

ఇప్పుడు ఆదివారం వంట నాది. పొద్దున పదిన్నరకి గాని షెడ్డులోకి వెళ్ళలేను. కారు పని సగమే సాగుతోంది. రంగు వేయించడం వచ్చే ఏడాదికి పోయింది. అమ్మ ఆ పూట పక్కింటావిడతో బస్సెక్కి తెనాలి వెళ్తుంది. ఎందుకని నేను అడగను.

గ్రీజు బట్టలు కూడా నేనే ఉతుక్కుంటున్నాను. మొదటి వారం బకెట్లో సబ్బు నీళ్ళు పోసి ఎంత రుద్దినా మరక కదల్లేదు. చివరికి అమ్మనే అడిగాను.

"తడపకముందే కొబ్బరినూనె రాసి కాసేపుంచు. తర్వాత సబ్బు పెట్టు. గ్రీజుకి నూనే మందు" అంది చెప్పులు వేసుకుంటూ.

ఇన్నేళ్ళూ నా బట్టలు ఎలా తెల్లబడ్డాయో ఆ రోజే తెలిసింది.