తప్పు ఎక్కడున్నది?

ధ్యాన భాగము: యెహోషువ 22:10–34



ఏదైనను చెడిపోయినప్పుడు మన నోట మొదట వచ్చు ప్రశ్న, "ఇది ఎవరు చేసిరి?" అనునది. టెలిఫోను బాగుచేయువాడు ఆ ప్రశ్నతో పని మొదలుపెట్టడు. "తప్పు ఎక్కడున్నది?" అని వెదకును. ఈ రెండు ప్రశ్నలకు ఎంత భేదమున్నదో ఈ నెల మీతో కలిసి ధ్యానింపగోరుచున్నాము.

నేడు మన పల్లెలలో చాలామంది చేతులలో సెల్‌ఫోనున్నది. అయినను పట్టణములోని పెద్ద ఆసుపత్రికో, మిల్లుకో వెళ్లినయెడల బల్లలమీద తీగ గల టెలిఫోనులు ఇంకను కనబడును. ఆ కట్టడములోనే ఒక చిన్న ఎక్స్ఛేంజి పెట్టె యుండును. దానిని ఇపిఎబిఎక్స్ అందురు. అందులోనుండి ఒక్కొక్క గదికి రెండేసి సన్నని తీగలు పోవును. బయటి ఊళ్లతో మాటలాడుటకు టెలిఫోను కంపెనీవారి లైన్లు వేరుగా వచ్చి ఆ పెట్టెలో చేరును.

ఒక ఆసుపత్రిని తలంచుకొనుడి. రాత్రివేళ డాక్టరుగారు తన గదినుండి వార్డుకు ఫోను చేసిరి. ఆయన చెవిలో గంట మ్రోగుచునే యున్నది, ఎవరును ఎత్తలేదు. "నర్సమ్మ నిద్రపోయినది" అని ఆయనకు కోపము వచ్చెను. నర్సమ్మయో, రోగి ప్రక్కనే మేలుకొని యున్నది. ఆమె బల్లమీది టెలిఫోను ఒక్కసారియు మ్రోగలేదు. ఇద్దరిలో ఎవరును అబద్ధమాడుటలేదు. ఇదెట్లు సాధ్యము?

ఫోను చేసినవాని చెవికి వినబడు గంట అవతలి గదిలోనుండి వచ్చునది కాదు. ఎక్స్ఛేంజియే దానిని పుట్టించి వానికి వినిపించును. అవతలి టెలిఫోనును మ్రోగించుటకు సుమారు 75 వోల్టుల కరెంటును వేరుగా పంపును. నడుమ తీగ తెగినయెడల ఇవతల గంట వినబడును, అవతల నిశ్శబ్దముగా నుండును. రెండు తీగలు ఒకదానినొకటి తాకినయెడల రిసీవరు ఎత్తియున్నదని ఎక్స్ఛేంజి భావించును. ఫోను చేసినవారికి ఎంగేజి శబ్దము వచ్చును. "ఎప్పుడు చూచినను కబుర్లే" అని నింద వేయుదుము. అక్కడ మాటలాడువారెవరును లేరు.

అనుమానము టెలిఫోనంత పాతది. అమెరికాలో ఆల్మన్ స్ట్రౌజరు అనునాయన శవసంస్కార వ్యాపారి. ఎక్స్ఛేంజిలోని ఆపరేటరు తనకు రావలసిన బేరములను పోటీ వ్యాపారికి కలుపుచున్నదని ఆయన అనుమానించెనని చెప్పుదురు. ఆపరేటరు లేకుండ తనంతట తానే లైను కలుపు యంత్రమునకు ఆయన 1891లో పేటెంటు పొందెను. 1892లో ఇండియానా రాష్ట్రములోని లా పోర్ట్ పట్టణమున అట్టి ఎక్స్ఛేంజి తెరచిరి. యంత్రము ఆపరేటరును తీసివేసినది గాని మనుష్యుని అనుమానమును తీసివేయలేకపోయినది.

నేర్పుగల మెకానిక్ పని చేయు క్రమమును చూడుడి. మొదట అతడు అడుగును: ఒక్క టెలిఫోనే పలుకుటలేదా, కొన్నియా, అన్నియునా? అన్నియు మూగబోయినయెడల ఎక్స్ఛేంజికి వచ్చు కరెంటును, ఫ్యూజును, బ్యాటరీని చూచును. లోపల బాగుగా మాటలాడుకొనుచు బయటికి మాత్రము పోనియెడల, కంపెనీవారి లైనును విడదీసి దానికి ఒక మామూలు టెలిఫోను తగిలించును. అదియు పలుకనియెడల తప్పు బయటి లైనులోనున్నది.

ఒక్క గదిలోనే తప్పయినయెడల, అతడు గోడలు పగులగొట్టడు. ముందు బల్లమీది టెలిఫోనునే పరీక్షించును. బాగున్న టెలిఫోనును తెచ్చి దాని స్థలమున పెట్టును. అదియు పలుకనియెడల, ఎక్స్ఛేంజి యొద్ద తీగలన్నియు చేరు చోటికి పోయి, గదికి పోవు తీగలను విడదీసి, అక్కడనే టెలిఫోను తగిలించును. పలికినచో, తప్పు అక్కడనుండి గదివరకు గల తీగలోనున్నది. పలుకనిచో ఎక్స్ఛేంజి వైపుననున్నది. ఒక్క పరీక్షతో సగము త్రోవ మీద అనుమానము తొలగిపోవును. వానలు పడినప్పుడే గరగరలాడు లైనుకు, నీరు చేరిన జాయింటును వెదకును. ఒకసారి ఒకదానినే మార్చును. అన్నియు కలిపి మార్చినచో ఏది బాగుచేసెనో తెలియదు. తుదకు రెండు వైపులనుండియు మాటలాడి చూచి, జరిగినది రిజిష్టరులో వ్రాసి పోవును.

ప్రియులారా, ఇప్పుడు మన ధ్యాన భాగమునకు వత్తము. రూబేనీయులును గాదీయులును మనష్షే అర్ధగోత్రపువారును యొర్దానునొద్ద గొప్ప బలిపీఠము కట్టిరని తక్కిన ఇశ్రాయేలీయులు వినిరి. వెంటనే యుద్ధమునకు షిలోహులో కూడిరి. వారి భయము ఊరకనే వచ్చినది కాదు. పెయోరు విషయములోను ఆకాను విషయములోను వారు ఇంతకు మునుపే దెబ్బ తినియుండిరి. అయినను కత్తి దూయక మునుపు ఫీనెహాసును పదిమంది ప్రధానులను పంపిరి. ఆ వెళ్లినవారు గట్టిగానే మాటలాడిరి. అయినను మీ దేశము అపవిత్రమని తోచినయెడల మా మధ్య స్వాస్థ్యము తీసికొనుడని కూడ చెప్పిరి. తరువాత జవాబు వినిరి. ఆ పీఠము బలులకొరకు కాదు, తమ పిల్లలకును యెహోవాయందు పాలున్నదని సాక్ష్యముగా నుండుటకే. వెళ్లి అడిగి వినిరి గనుక యుద్ధము ఆగిపోయెను.

మన సంఘములలో ఎన్ని ఇండ్లు నేడు ఒకదానితోనొకటి పలుకక యున్నవి! "పెండ్లికి కబురు పంపితిమి, వారు రాలేదు" అందుము. మన చెవిలో గంట మ్రోగినది నిజమే. వారి ఇంట మ్రోగెనా? కబురు తీసికొనిపోయిన పిల్లవాడు మరచెనేమో! ఎండకాలమంతయు బాగున్న స్నేహము అప్పుల వాన కురిసినప్పుడు గరగరలాడుచున్నదేమో! ఇట్లు విచారింపకయే ఏండ్ల తరబడి ఒకే బల్లయొద్ద రొట్టె విరుచువారు ముఖములు త్రిప్పుకొనుచున్నారు.

రిసీవరును కావలెనని ప్రక్కన పెట్టువారును కొందరుందురు. పాపము లేదని మేము చెప్పుటలేదు. అట్టివారి విషయములో మత్తయి సువార్త 18వ అధ్యాయమున ప్రభువు క్రమము నేర్పెను. మొదట ఒంటరిగా పోవలెను. తరువాత ఒకరిద్దరితో పోవలెను. సంఘమునకు తెలుపుట ఆ తరువాతనే. మనము దీనిని తలక్రిందులు చేసితిమి. ముందు పంచాయితీ, తుదకు ఆ ఇంటి గడప. అంతకంటె ముందు 7వ అధ్యాయములోని దూలమును చూచుకొనుడి. మన బల్లమీది టెలిఫోను బాగున్నదా అను పరీక్ష అదియే.

మెకానిక్ తీగను శపించుటకు రాలేదు, స్వరము మరల వినబడవలెనని వచ్చెను. ఈ నెలలో మీలో ప్రతివారును పలుకరింపు మానిన ఒక ఇంటికి, మధ్యవర్తి లేక, మీ కాళ్లతో నడచి పోవుడి. నింద మోసికొనిపోక ఒక ప్రశ్న తీసికొనిపోవుడి. జవాబు పూర్తిగా వినువరకు కూర్చుండుడి.

ప్రభువా, మాలో తప్పు ఎక్కడున్నదో చూపుము. తెగిన చోట కలుపుము. మా సహోదరుని స్వరము మరల వినుటకు మాకు ఓర్పు దయచేయుము. ఆమేన్.